పేరు హైబ్రిడ్ అయినంత మాత్రాన గడ్డి బతకదు
(సంకర నేపియర్ దుబ్బు ఎక్కడ నిలుస్తుంది, ఎందుకు చస్తుంది: సంఘ సభ్యులకు పాఠం)



పాల ఉత్పత్తికి అయ్యే ఖర్చులో సగానికి పైగా మేత, దాణాలదే. దాణా కొనక తప్పదు గాని, పచ్చిమేత మాత్రం మన పొలంలోనే పండించుకోవచ్చు. అందుకే చాలామంది పాడి రైతులు బోరు దగ్గర ఐదో పదో గుంటల్లో సంకర నేపియర్ గడ్డి నాటుకుంటున్నారు. మొదటి ఏడాది గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. చూసినవారంతా మెచ్చుకుంటారు. రెండో ఏడాది వేసవి దాటేసరికి మడిలో అక్కడక్కడ ఖాళీలు కనబడతాయి. మూడో ఏడాదికి సగం దుబ్బులు ఉండవు. అప్పుడు "విత్తనం మంచిది కాదు" అనుకొని మడి దున్నేస్తారు.

నిజానికి ఆ గడ్డిని సరిగా చూసుకుంటే ఒకసారి నాటి నాలుగైదేళ్ళు కోసుకోవచ్చు. దుబ్బు చచ్చిపోవడానికి రకం కన్నా అది పెరిగిన పరిస్థితులే ఎక్కువసార్లు కారణం. ఆ పరిస్థితులు ఏవో, వాటిలో మన చేతిలో ఉన్నవి ఏవో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

సంకరం అంటే ఏమిటి?

ఊళ్ళలో కొత్తగా వచ్చిన ప్రతి విత్తనాన్నీ హైబ్రిడ్ అనడం అలవాటు. శాస్త్రం ప్రకారం రెండు వేరువేరు తల్లిదండ్రుల కలయికలో పుట్టిన మొదటి తరానికే ఆ పేరు చెల్లుతుంది. ఆ మొదటి తరంలో తల్లిదండ్రుల కన్నా ఎక్కువ పెరుగుదల కనబడుతుంది. దీనినే సంకర తేజం అంటారు. మన దేశంలో మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 1964లో విడుదలైంది. దాని గింజ దాచి మళ్ళీ విత్తితే అదే పంట రాదన్న సంగతి పాత రైతులకు అనుభవమే.

సంకర నేపియర్‌కు ఒక తల్లి సజ్జ, ఇంకొక తల్లి నేపియర్ గడ్డి. సజ్జ నుంచి మెత్తని ఆకు, తొందరగా పెరిగే గుణం వచ్చాయి. నేపియర్ నుంచి ఏళ్ళ తరబడి బతికే గుణం, పిలకలు పెట్టే గుణం వచ్చాయి. సజ్జ కణంలో క్రోమోజోములు 14, నేపియర్‌లో 28. వీటి సంతానంలో 21 ఉంటాయి. ఈ బేసి లెక్క వల్ల సంకర నేపియర్‌కు కంకి వచ్చినా మొలిచే గింజ రాదు. అందుకే దీనిని కాండపు ముక్కలతోనో, వేరు పిలకలతోనో నాటుకుంటాం.

మన దేశంలో ఈ సంకరానికి 1950ల్లో కోయంబత్తూరులో పునాది పడింది. తర్వాత ఢిల్లీ నుంచి పూసా జెయింట్ నేపియర్, లూధియానా నుంచి ఎన్.బి.-21, రాజేంద్రనగర్ నుంచి ఎ.పి.బి.ఎన్.-1, కోయంబత్తూరు నుంచి కో-4, కో-5 వంటి రకాలు వచ్చాయి.

ముక్కతో నాటడంలో ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. ప్రతి దుబ్బూ తల్లి దుబ్బుకు అచ్చమైన నకలు కాబట్టి సంకర తేజం తగ్గదు. అయితే మడిలోని దుబ్బులన్నిటికీ ఒకే బలం, ఒకే బలహీనత ఉంటాయి. ఒక దుబ్బు తట్టుకోలేని పరిస్థితిని పక్క దుబ్బూ తట్టుకోలేదు. కనుక ఒకేచోట వరుసగా నాలుగు దుబ్బులు చస్తే రోగం అనుకునే ముందు అక్కడి నేలను, నీటిని చూడవలెను.

గోధుమ చెప్పిన పాఠం

కొత్త జాతి మొక్కకు పాత పద్ధతి పనికిరాదని మన దేశానికి బాగా తెలియజేసినది గోధుమ. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం మన దేశానికి వచ్చింది. ఇవి సంకరపరచి ఎంపిక చేసిన రకాలే గాని మొదటి తరం సంకరాలు కావు. అయినా రైతులు వాటినీ హైబ్రిడ్లనే పిలిచారు. పాత పొడుగు గోధుమను తేమ కోసం లోతుగా విత్తేవారు. పొట్టి రకాలకు మొలకను కప్పి ఉంచే తొడుగు కూడా పొట్టిదే. లోతుగా విత్తితే మొలక పైకి రాలేక మట్టిలోనే ఆగిపోయేది. రెండంగుళాలకు మించకుండా విత్తడం నేర్చుకున్న తరువాతనే పైరు నిండుగా నిలిచింది. విత్తిన మూడు వారాలకు అసలు వేర్లు పుట్టే సమయంలో ఒక తడి తప్పనిసరి అని కూడా అప్పుడే ప్రచారం చేశారు.

మన ప్రాంతపు పాడి రైతుకు గోధుమ పంటతో పెద్దగా పని లేదు. కాని అది చెప్పిన రెండు మాటలు గడ్డికీ వర్తిస్తాయి. ఒకటి, ఎంత లోతులో ఎలా నాటామన్నది ముఖ్యం. రెండు, మొదటి మూడు నాలుగు వారాలు కాపాడితేనే మొక్క దక్కుతుంది.

మన నేల, మన నీరు

మొయినాబాద్ మండలంలోని చిన్న మంగళారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఈ మండలం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు దగ్గరలో ఉంది. హైదరాబాదు దాహం తీర్చడానికి కట్టిన ఆ రెండు జలాశయాలు పక్కనే ఉన్నా మన మడికి నీరిచ్చేది బోరే. వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతంలో ఎర్ర చెలకలూ ఉన్నాయి, నల్లరేగళ్ళూ ఉన్నాయి. ఒకే ఊళ్ళో ఒక రైతు గడ్డి నిలిచి, ఇంకొకరిది పోవడానికి ఈ తేడా చాలు.

ఎర్ర చెలక నీటిని తొందరగా తాగుతుంది, తొందరగానే వదిలేస్తుంది. అక్కడ దుబ్బుకు ఏప్రిల్, మే నెలలు గండం. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. అక్కడ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నీరు నిలిచి వేరు కుళ్ళడం గండం. కనుక రెండు నేలలకు ఒకే సలహా ఇవ్వరాదు.

మొదటి నలభై రోజులు

చాలా దుబ్బులు నాటిన నెలలోనే చస్తాయి. మనం చూసుకోము, అంతే. ఈ క్రింది విషయాలు గమనించవలెను.

1. ముక్క వయస్సు: సుమారు మూడు నెలలు ముదిరిన కాండం నుంచి, నడిమి భాగంలో ముక్కలు తీయాలి. కొనభాగం లేతగా ఉండి ఎండకు వడలిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులు ఉండాలి.

2. ఎండనివ్వరాదు: ముక్కలు కొట్టిన తర్వాత తడి గోనె కప్పి నీడన ఉంచి, ఒకటి రెండు రోజుల్లో నాటుకోవాలి. దూరం నుంచి తెచ్చేటప్పుడు ట్రాలీలో ఎండకు వదిలేస్తే కణుపు దగ్గరి కన్ను ఎండిపోతుంది. పైకి ముక్క పచ్చగానే కనబడుతుంది గాని మొలవదు.

3. నాటే తీరు: ముక్కను ఏటవాలుగా పెట్టి, ఒక కణుపు మట్టిలోకి, ఒక కణుపు పైకి ఉండేటట్లు నాటాలి. కన్ను పై వైపుకు చూడాలి. తలక్రిందులుగా నాటిన ముక్క మొలవడానికే తన బలమంతా ఖర్చు చేస్తుంది.

4. దూరం: వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 50 సెంటీమీటర్లు ఉంచితే పది గుంటలకు సుమారు 3,370 ముక్కలు పడతాయి.

5. తడి: నాటిన వెంటనే ఒక తడి, మూడో రోజున ఇంకొకటి ఇవ్వాలి. తర్వాత నేలను బట్టి ఇవ్వాలి.

6. చెదలు: ఎండిన ఎర్ర చెలకలో ముక్కలను చెదలు తింటాయి. మాగని పెంట వేస్తే చెదలు ఇంకా ఎక్కువవుతాయి. బాగా మాగిన ఎరువే దుక్కిలో కలపాలి.

7. కలుపు: ఇరవై, ఇరవైఐదు రోజులకు ఒకసారి కలుపు తీసి మొదళ్ళకు మట్టి ఎగదోయాలి. దుబ్బు గుబురు కట్టిన తర్వాత కలుపును అదే అణచివేస్తుంది.

నాటడానికి జూన్, జూలై నెలలు మంచివి. నీటి వసతి ఉంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ నాటవచ్చు. నడి వేసవిలోను, డిసెంబరు చలిలోను నాటితే ఎక్కువ ముక్కలు పోతాయి.

నీరు తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే

వేరుకు నీరెంత అవసరమో గాలి అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండిపోతే వేరుకు ఊపిరి ఆడదు. నాలుగైదు రోజులు అలాగే ఉంటే లేత వేర్లు నల్లబడతాయి, ఆకు పసుపుబారుతుంది. అది చూసి ఎరువు చాలలేదనుకొని యూరియా చల్లితే ప్రయోజనం లేదు. నల్లరేగడిలో మడికి నడుమ ఒక మురుగు కాలువ తీయడం, గడ్డిని బోదెల మీద నాటడం దీనికి మందు.

నీరు తక్కువైనప్పుడు దుబ్బు మొదట ఆకులు చుడుతుంది, తర్వాత పెరగడం మానేస్తుంది, ఆపైన పై భాగాన్ని ఎండబెట్టి మొదట్లోని మొగ్గలను కాపాడుకుంటుంది. కనుక పైన ఎండిన దుబ్బు చచ్చినట్లు కాదు. మొదలు చీల్చి చూస్తే లోపల తెల్లగా, తేమగా ఉంటే అది బతికే ఉన్నట్లు. వేసవిలో బోరు నీరు తగ్గినప్పుడు పది గుంటలకూ కొంచెం కొంచెం పెట్టి అన్నిటినీ వాడబెట్టవద్దు. సగం మడికి సరిగా తడి ఇచ్చి కోతలు కొనసాగించండి. మిగిలిన సగాన్ని కోయక, చెత్తాచెదారం మొదళ్ళకు కప్పి, ప్రాణం నిలిపేంత తడి మాత్రం ఇవ్వండి. వానలకు అది మళ్ళీ చిగురిస్తుంది.

కోతలోనే దుబ్బు ఆయుష్షు ఉంది

ఆకు మొక్కకు వంటిల్లు వంటిది. కోత కోసిన రోజున ఆ వంటిల్లు పోతుంది. కొత్త ఆకు వచ్చేవరకు దుబ్బు తన మోడులోను, వేర్లలోను దాచుకున్న చక్కెరతోనే బతకాలి. ఆకు విప్పిన తర్వాతనే మళ్ళీ దాపు మొదలవుతుంది. ఆ దాపు నిండకముందే మళ్ళీ కోస్తే దుబ్బు అప్పు చేసి బతికినట్లే. ఇలా నాలుగైదు కోతలు సాగితే పిలకలు సన్నబడి, చివరికి దుబ్బు చస్తుంది.

కనుక మొదటి కోత నాటిన 60-75 రోజులకు, తరువాతి కోతలు 40-45 రోజులకు ఒకసారి తీయవలెను. చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది కాబట్టి ఇంకో పది, పదిహేను రోజులు ఆగవలెను. అలాగని మరీ ముదరనిస్తే కాడ గట్టిపడి పశువు వదిలేస్తుంది.

కోసేటప్పుడు నేల నుంచి బెత్తెడు మోడు, అంటే 10-15 సెంటీమీటర్లు వదలాలి. కొత్త పిలకల మొగ్గలు అక్కడే ఉంటాయి. నేలకు ఆనించి కోస్తే ఈ పూటకు నాలుగు పరకలు ఎక్కువ వస్తాయి గాని వచ్చే కోత తగ్గుతుంది. పశువులను మడిలోకి తోలి మేపడం అన్నిటికన్నా చెరుపు. అవి మొగ్గతో సహా పీకుతాయి, గిట్టలతో మొదళ్ళు తొక్కుతాయి.

ప్రతి కోత తర్వాత ఎకరాకు 35 కిలోల యూరియా, అంటే పది గుంటలకు తొమ్మిది కిలోలకు దగ్గరగా, తడి నేలలో వేయాలి. పొడి నేల మీద చల్లితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. కొట్టం కడిగిన నీటిని కాలువలో కలిపి పారించుకోవచ్చు. అయితే రోజూ ఒకే మూలకు చిక్కగా పారించరాదు. ఉప్పు చేరి ఆ మూల దుబ్బులు మాడతాయి.

మొక్క బతికింది, మరి పశువు?

ఇక్కడ ఒక హెచ్చరిక. కష్టకాలంలో మొక్క బతకడానికి చేసే ప్రయత్నం పశువుకు ప్రాణాంతకం కావచ్చు. జొన్నలో ఈ సంగతి మనవారికి తరతరాలుగా తెలుసు. వాన లేక గిడసబారిన లేత జొన్నను, కోసిన మోళ్ళ నుంచి వచ్చిన చిగురును నాము అంటారు. అందులో సయనైడ్ విషాన్ని పుట్టించే పదార్థం ఎక్కువగా ఉంటుంది. బహుకోత జొన్న హైబ్రిడ్లు కూడా జొన్నజాతివే కనుక హైబ్రిడ్ అనే ధీమాతో లేత చిగురు వేయరాదు. పైరుకు తడి ఇచ్చి, పూతకు వచ్చిన తర్వాతనే కోసి వేయాలి. నాము మేసిన పశువుకు ఊపిరి కష్టమవుతుంది, వణుకు, నురగ వస్తాయి, కొద్దిసేపట్లోనే ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు సూది మందు పశువైద్యుని దగ్గర ఉంటుంది. నాటుమందులతో కాలయాపన చేయక వెంటనే కబురు చేయవలెను.

సంకర నేపియర్‌లో నాము విషం ఉండదు. కాని దానిలో ఆక్సలేట్లు ఉంటాయి. ఇవి మేతలోని కాల్షియాన్ని పట్టేసి పశువుకు అందనివ్వవు. పాలిచ్చే పశువుకు కాల్షియం ఎంత అవసరమో చెప్పనక్కర లేదు. అందుచేత నేపియర్ ఒక్కటే పెట్టక, మూడు పాళ్ళకు ఒక పాలు లూసర్న్, అలసంద వంటి పప్పుజాతి మేత కలిపి, లవణ మిశ్రమం కూడా ఇవ్వవలెను. వానలేమిలో వాడిన గడ్డికి యూరియా ఎక్కువ వేసి వెంటనే కోయడం కూడా ప్రమాదమే. నైట్రేట్లు గడ్డిలో పేరుకుంటాయి.

వంద దుబ్బుల లెక్క

మడి మంచిగా ఉందో లేదో గట్టు మీద నిలబడి చెప్పలేము. బతికిన దుబ్బు పక్కకు పెరిగి చచ్చినదాని ఖాళీని కప్పేస్తుంది. అందుకని కోత అయిన మరునాడు మడిలోకి దిగి, నాలుగు మూలల్లో, నాలుగు వరుసల్లో, వరుసకు 25 చొప్పున వంద తావులు లెక్కపెట్టండి. ఎన్నింటిలో దుబ్బు ఉంది, ఎన్ని ఖాళీ అన్నది రాసుకోండి.

పది గుంటల్లో 3,370 దుబ్బులు ఉన్నాయనుకుందాం. దుబ్బుకు కోతకు ఒక కిలో చొప్పున చూస్తే కోతకు 3,370 కిలోలు. 45 రోజుల కోత వరుస అయితే రోజుకు 75 దుబ్బులు కోసుకోవచ్చు. పశువుకు 25 కిలోల చొప్పున మూడు పశువులకు సరిపోతుంది. ఇప్పుడు వందకు 25 దుబ్బులు పోయాయనుకోండి. మొత్తం మీద 840 దుబ్బులు పోయినట్లు. ఏడాదికి ఏడు కోతల్లో 5,880 కిలోల మేత నష్టం. అంటే ఒక పశువుకు ఏడున్నర నెలలకు పైగా సరిపడే పచ్చిమేత! ఆ లోటు దాణాతో పూడ్చాలంటే ఎంత ఖర్చో మీ సంఘంలో దాణా బస్తా ధరతో మీరే లెక్క వేసుకోండి.

వందకు పది లోపు ఖాళీలు ఉంటే తొలకరిలో ముక్కలు నాటి పూడ్చుకోవచ్చు. పదికి మించితే ముందు కారణం వెదకాలి. ఖాళీలు పల్లంలో ఉంటే నీరు నిలుస్తున్నది. కాలువ చివర ఉంటే తడి అందడం లేదు. కొట్టం వైపు ఉంటే ఉప్పో, పశువుల తొక్కుడో కారణం. మడి అంతటా చెదురుగా ఉంటే కోత పద్ధతిని అనుమానించండి. కారణం తీసివేయకుండా మళ్ళీ నాటితే మళ్ళీ అక్కడే చస్తాయి.

నేలను బట్టి గడ్డి

బోరు లేని చెలకలో సంకర నేపియర్ నాటి నీళ్ళకోసం బాధపడడం కన్నా అంజన్ గడ్డి, స్టైలో వేసుకోవడం మేలు. దిగుబడి తక్కువైనా అవి వానమీదనే నిలుస్తాయి. మామిడి తోట నీడలో గినీ గడ్డి నయం. ఎప్పుడూ నీరు నిలిచే పల్లంలో నేపియర్ కుళ్ళుతుంది, పారాగడ్డి పెరుగుతుంది. హైదరాబాదు దిగువన మూసీ వెంట మురుగునీటి పారకంలో పారాగడ్డి పెంచి నగరపు పాడివారికి అమ్ముకోవడం ఇందుకు నిదర్శనం. ఒకదానికి చావు తెచ్చే నీరే ఇంకొకదానికి బతుకుతెరువు.

సంకర జాతి ఆవు విషయంలో ఇదంతా మనకు తెలిసినదే. జెర్సీ సంకరం పాలెక్కువ ఇస్తుంది. అయితే నీడ, నీరు, మేత, టీకా ఇచ్చిన ఇంటనే ఇస్తుంది. గడ్డిదీ అదే దారి.

సంఘ సమావేశంలో చర్చకు

1. మీ సంఘ సభ్యుల్లో ఎందరికి సంకర నేపియర్ మడి ఉంది? నాటి ఎన్నేళ్ళయింది?
2. ప్రతివారూ వంద దుబ్బుల లెక్క తీస్తే ఎవరి మడిలో ఎక్కువ నిలిచాయి? ఆ రైతు నేల ఏది, కోత ఎన్నాళ్ళకు?
3. తొలకరికి ముక్కలు ఇవ్వగల సభ్యుడు ఊళ్ళోనే ఉంటే దూరం నుంచి ఎండిన ముక్కలు తేవలసిన పని ఏమిటి?
4. వేసవిలో బోరు తగ్గితే మీ మడిలో ఏ సగాన్ని కాపాడుకుంటారు? ఇప్పుడే నిర్ణయించుకున్నారా?

వచ్చే కోత మరునాడు ఒక్క గంట కేటాయించి లెక్క తీయండి. ఆ అంకెను పాలు పోసే చోట పుస్తకంలో రాయించండి. ఏడాది తర్వాత మళ్ళీ లెక్కించి, రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.